మూలకారణమా, అంతర్లీన కారణమా?

సందేహం: మా ఆడపడుచుకి సిస్టమిక్ స్క్లెరోసిస్ (చర్మం, ఒక్కోసారి లోపలి అవయవాలు కూడా గట్టిపడే జబ్బు) అని డాక్టర్లు తేల్చారు. ఆసుపత్రిలో ఇచ్చిన తెలుగు కరపత్రంలో మొదటి వాక్యమే 'ఈ వ్యాధి యొక్క అంతర్లీన కారణాలు ఇంకా తెలియరాలేదు' అని ఉంది. ఆ కిందే జన్యువుల కారణంగా, సిలికా ధూళి కారణంగా, యాంటీబాడీల చేత అంటూ వరసపెట్టి రాశారు. మా అత్తగారేమో చన్నీళ్ళలో చేతులు పెట్టబట్టే వచ్చిందంటారు. 'అంతర్లీన కారణం' సరైన మాటేనా? 'మూలకారణం' అంటే సరిపోదా? ఆ కరపత్రాన్ని నేనే తిరగరాద్దామనుకుంటున్నాను. స్క్లెరోసిస్‌కి తెలుగేమిటి? – ఒక పాఠకురాలు, నల్లకుంట

సమాధానం: అమ్మా, ముందు మీ అత్తగారి తెలుగుకి ఒక దండం. 'పెట్టబట్టే' అన్నారు చూడండి, చిన్నయసూరి తన వ్యాకరణంలో పంచమీ విభక్తి కింద 'వలనన్', 'కంటెన్' పక్కన కూర్చోబెట్టిన 'పట్టి' అదే. మా వీధిలో పాలు పోసే ఆమె 'వాన వడవట్టి లేటయింది సారూ' అంటుంది. పేపర్లవాళ్ళు మాత్రం 'వర్షం కారణంగా' దగ్గరే ఆగిపోయారు, వాళ్ళకి ఇంకో మాట దొరకదు.

ఆవిడ తెలుగు బాగుంది గానీ వైద్యం కుదరలేదు. చలి తగలగానే వేళ్ళు తెల్లబడి, నీలంగా మారడాన్ని 1862లో రేనో అనే ఫ్రెంచి వైద్యుడు వర్ణించాడు, అందుకే దానికి ఆయన పేరే ఉంది. ఈ జబ్బులో చాలామందికి మొదట కనిపించేది అదే. చన్నీళ్ళు ఆ తెల్లబడటాన్ని రప్పిస్తాయి, జబ్బుని కాదు. ఈ మాట ఆవిడకి నెమ్మదిగా చెప్పండి.

ఇక అంతర్లీనం. పోతన గారి గజేంద్రుడు మొర పెట్టుకునే పద్యం మీకూ నోటికి వచ్చే ఉంటుంది. 'ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై' అని మొదలవుతుంది. మీరు అడిగిన రెండు మాటలూ ఆ ఒక్క పద్యంలోనే ఉన్నాయి! 'లోపల నుండు లీనమై' అంటే అంతర్లీనమే కదా, రెండో పాదం చివరకొచ్చేసరికి 'మూలకారణం బెవ్వడు' అంటాడు. ఇప్పుడు లీనమైంది ఏమిటో చూడండి. జగం. అంటే పుట్టినది పుట్టించినవాడిలో లీనమై ఉంది, కార్యం కారణంలో ఒదిగి ఉంది. మన కరపత్రం దాన్ని తిరగేసి కారణాన్ని తీసుకెళ్ళి రోగం కడుపులో దాచింది. ఇంగ్లీషు వాక్యంలో 'అండర్‌లైయింగ్', అంటే 'కింద ఉన్న' అని కనబడగానే ఏదో ఒక సంస్కృతపు ముక్క అతికించాలన్న తొందర తప్ప ఇందులో ఆలోచన లేదు. పోతన నాలుగు పాదాల్లో 'చే', 'లోపల', 'యందు' అని ఒక్కో సంబంధానికి ఒక్కో మాట ఏరి వేశాడు. మనకి ఒక పేజీ మొత్తానికి ఒక్క 'కారణంగా' చాలింది!

అలాగని 'మూలకారణం' వెయ్యమనీ అనలేను. మూలం అంటే వేరు, ఆ మాట అన్నాక ఒక తల్లివేరు చూపించాలి. గజేంద్రుడికి ఒక్కడున్నాడు, ఈ జబ్బుకి అలా ఒక్కటి దొరకలేదు. జన్యువులు నేల లాంటివి, కొందరిలో జబ్బు మొలవడానికి అనువుగా ఉంటాయి, అంతే. సిలికా, అంటే రాతి ధూళి, దాని సంగతి పాతది. స్కాట్లండులో బ్రామ్‌వెల్ అనే వైద్యుడు రాతిపనివాళ్ళలో ఈ జబ్బు కనిపిస్తోందని 1914లోనే రాశాడు, తర్వాత దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లోనూ చూశారు. కానీ ఆ దుమ్ము పీల్చిన అందరికీ రాలేదు, వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, వాళ్ళలో చాలామంది ఏనాడూ రాయి కొట్టినవాళ్ళు కారు. మన తర్కశాస్త్రంలో ఇలా బయటినుంచి తోడయ్యే కారణానికి నిమిత్తం అని ఒక మాట ఉంది, ఇక్కడ అది అతికినట్టు సరిపోతుంది. సన్న రక్తనాళాల లోపొర దెబ్బతినడం, ఒంటిని కాపాడవలసిన రక్షణవ్యవస్థ ఒంటి మీదికే తిరగబడటం, ఆపైన కొల్లాజెన్ అనే పీచు పదార్థం మోతాదు మించి పేరుకుని చర్మం, ఒక్కోసారి ఊపిరితిత్తులు కూడా గట్టిపడటం, ఇదంతా జబ్బు నడిచే దారి. దీన్నీ కారణాల్లో కలిపేశారు. ఆ రక్షణవ్యవస్థ తయారుచేసే యాంటీబాడీలు పరీక్షలో కనిపిస్తాయి, జబ్బు ఏ రకమో పోల్చుకోవడానికి పనికొస్తాయి. కానీ 'చేత' అన్నామంటే వాటిని కర్తలుగా నిలబెట్టినట్టే, అంత దూరం వైద్యులే ఇంకా వెళ్ళలేదు.

నిజానికి ఈ చోటుకి ఆయుర్వేదంలో 'నిదానం' అని చక్కటి మాట ఉంది. చరకుడు హేతువు, నిమిత్తం, కారణం వగైరా ఎనిమిది మాటలు చెప్పి అన్నీ ఒకటే అన్నాడు, అందులో చివరిది నిదానం. కానీ ఇవాళ 'వ్యాధి నిదానం' అని రాస్తే జబ్బు మెల్లగా వస్తుందేమో అనుకుంటారు, కాబట్టి వదిలేద్దాం.

నన్ను అడిగితే ఆ మొదటి వాక్యం 'ఈ జబ్బు ఎందుకు వస్తుందో ఇంకా పూర్తిగా తేలలేదు' అని ఉంటే చాలు. 'యొక్క' దానంతటదే పోతుంది. అంతర్లీనం తప్పని తీర్పు చెప్పను, నిఘంటువులో ఉన్న మాటే. మూలకారణం కూడా ఒక మెట్టు దిగి, ఇంటి మాటల్లో ఒప్పుకోవచ్చు. 'మూలంగా'తో మాత్రం జాగ్రత్త, 'నీ మూలంగానే' అన్నామంటే అందులో నింద ఉంటుంది, మీ ఆడపడుచు వినేలా ఎవరూ ఆ మాట అనకుండా చూడండి.

స్క్లెరోసిస్‌కి తెలుగేమిటని చివర్లో అడిగారు. గ్రీకులో గట్టిదనమే. 'చర్మకాఠిన్యం' అంటే లోపలి అవయవాలు తప్పిపోతాయి, ఆ పేరు అలాగే ఉండనివ్వండి. కరపత్రాన్ని మీరే తిరగరాస్తానన్నారు కాబట్టి ఇంకొక్క మాట. 'మూల' మీద ప్రేమకొద్దీ ఎక్కడా 'మూలవ్యాధి' అని రాయకండి, తెలుగులో అది మొలలు.