స్ప్రే కొట్టించినా తగ్గని పిల్లికూతలు: బొద్దింకల సంగతి
న్యూయార్క్ నగరంలో భాగమైన బ్రాంక్స్‌లోని పాత అపార్ట్‌మెంటులో మీ బాబుకు రాత్రిళ్లు ఉబ్బసపు పిల్లికూతలు ఎక్కువవుతున్నాయనీ, నెలనెలా బొద్దింకల మందు కొట్టిస్తున్నా తగ్గడం లేదనీ రాశారు. నా ఉద్దేశంలో ముందు ఆపవలసింది ఆ స్ప్రేనే. దాని ఘాటు శ్వాసనాళాలను రేపుతుంది, అలర్జీ తెచ్చి ఉబ్బసాన్ని పెంచే చచ్చిన పురుగుల పొడి, మలం మాత్రం ఇంట్లోనే మిగిలిపోతాయి. అమెరికా నగరాల్లో ఎక్కువగా నల్లజాతి, హిస్పానిక్ కుటుంబాలుండే పేదవాడల్లోని ఉబ్బసం పిల్లలపై 1997లో వెలువడిన అధ్యయనంలో, బొద్దింక అలర్జీ ఉండి, పడకగది దుమ్ములోనూ దాని అవశేషాలు ఎక్కువగా ఉన్న పిల్లలు మిగిలినవారికంటే 3 రెట్లకు పైగా ఉబ్బసంతో ఆసుపత్రి పాలయ్యారు.

కాబట్టి బాబుకు అలర్జీ పరీక్ష చేయించండి. సింకు కింద కారుతున్న పైపు బాగుచేయించి, గోడల్లో పైపులు దూరే సందులు పూడ్పించి, పిల్లలకు అందనిచోట బొద్దింకలు తిని చచ్చే జెల్ ఎర పెట్టించి, ఆ తరువాత అల్మారాలను సబ్బునీటితో కడగండి. ఇదంతా మీ ఖర్చు కానక్కరలేదు: న్యూయార్క్ నగరపు 2018 నాటి 55వ స్థానిక చట్టం ప్రకారం, 3 లేదా అంతకుమించి అపార్ట్‌మెంట్లున్న భవనాల్లో పురుగులనూ, బూజునూ, వాటికి మూలమైన లీకులనూ సరిచేయవలసిన బాధ్యత యజమానిదే. రాతపూర్వకంగా అడగండి, కదలకపోతే నగరపాలక సంస్థ ఫిర్యాదుల నంబరు 311కు ఫిర్యాదు చేయండి.

అన్నట్టు, పూజగదిలో అగరువత్తులు, సాంబ్రాణి కూడా కొన్నాళ్లు మానండి. డాక్టరు చెప్పేదాకా రోజువారీ ఇన్‌హేలర్ మాత్రం ఆపవద్దు.