స్ప్రింగు విరిగితే చీటీ పాడాలా?

ప్రశ్న: అనంతపురం దగ్గర పల్లెలో టీచర్‌ని. 2012 ఆగస్టులో కొన్న చిన్న పెట్రోలు కారు (1,200 సీసీ) 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. పంటకాలంలో వెనక సీటు మడిచి చెనక్కాయల మూటలు కూడా వేస్తుంటాను. పోయిన వారం ముందు ఎడమవైపు స్ప్రింగు విరిగింది. నాలుగు స్ప్రింగులూ, నాలుగు షాకబ్జర్లూ మార్చాలి, 26,300 అవుతుందని మెకానిక్ లెక్క రాసిచ్చాడు. పాత బండికి అంత దండగ అంటున్నారు ఇంట్లో. 2 లక్షల చీటీ ఉంది, ఇప్పుడు పాడితే 40,000 వదులుకోవాలి. అది పాడి, పైన 3,50,000 లోను తీసుకుని ఐదేళ్ళ పాత బండి కొనేదా? స్ప్రింగులు మారిస్తే ఎన్నేళ్ళు వస్తాయి? ఇన్సూరెన్సులో ఏమైనా వస్తుందా?

జవాబు: సార్, ఆ బండిని ఇంకా తిప్పుతుంటే ఈ రోజే ఆపేయండి. ముందు స్ప్రింగు కింది చుట్టు విరిగితే ఆ కొన జారి టైరును కోసే ప్రమాదం ఉంది. డబ్బు సంగతి ఆ తర్వాత.

ఇంజనాయిలుకు ఉన్నట్టు స్ప్రింగుకు 'ఇన్ని కిలోమీటర్లకు మార్చాలి' అనే గడువు లేదు. మంచి రోడ్ల మీద మనుషులు మాత్రమే ఎక్కే బండికి లక్షన్నర, రెండు లక్షలు దాటినా అవే ఉంటాయి. మొదటి స్ప్రింగులతోనే తుక్కుకు పోయే కార్లు ఎన్నో. షాకబ్జర్ అట్లా కాదు. దాంట్లో నూనె, సీళ్ళు ఉంటాయి, లక్ష దగ్గరికొచ్చేసరికి చాలావాటికి బలం తగ్గుతుంది. అది పోయాక గుంతలో పడ్డ ప్రతిసారీ స్ప్రింగు ఒక్కసారి ఊగి ఆగాల్సింది నాలుగుసార్లు ఊగుతుంది. ఉక్కు అలిసేది ఏళ్ళు గడిచి కాదు, ఆ ఊగులాటకే.

ఇంకో శత్రువు తుప్పు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో రంగు రాలిన చోట మొదలై కింది చుట్టును తినేస్తుంది. మనది జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లా అంటారు కదా, కరువు వల్ల బాగుపడింది ఏదైనా ఉంటే కార్ల అడుగుభాగాలే! మన దగ్గర స్ప్రింగులను చంపేది గుంతలూ, బరువూ. 44వ నంబరు హైవే మీద లక్ష తిరిగిన బండీ, పల్లె రోడ్ల మీద లక్ష తిరిగిన బండీ ఒకటి కావు.

ఇక మెకానిక్ లెక్క. స్ప్రింగులు 8,400, షాకబ్జర్లు 10,600, ముందువైపు మౌంట్లు (షాకబ్జర్‌ను పైన బాడీకి పట్టి ఉంచే బిగింపులు) 2,900, కూలి 3,600, అలైన్‌మెంటు 800. ఇందులో ముందు జతకు సంబంధించింది మాత్రం తీస్తే స్ప్రింగులు 4,200, షాకబ్జర్లు 5,300, మౌంట్లు 2,900, కూలి ఓ 2,200, అలైన్‌మెంటు 800. మొత్తం 15,400. ఇది చేయించండి. విప్పిన చోటే షాకబ్జర్ కూడా మారుస్తున్నారు కాబట్టి అదే కూలి రెండోసారి పడదు.

వెనకవి మార్చే ముందు టేపు తీయండి. ఖాళీ బండిని చదునైన గచ్చు మీద పెట్టి, చక్రం మధ్య నుంచి పైన రేకు అంచు దాకా కొలవండి. కుడికీ ఎడమకీ సెంటీమీటరుకు మించి తేడా ఉన్నా, అదే మోడల్ వేరే బండి కంటే మీది బాగా కిందికి కూర్చున్నా, వెనక స్ప్రింగులు మూటల దెబ్బ తిన్నట్టే. లేకపోతే వాటి జోలికి పోవద్దు. వెనక షాకబ్జర్ల మీద నూనె జిడ్డు కనిపిస్తే వాటిని మాత్రం మార్చండి.

'విరిగింది ఒక్కటే కదా, ఒక్కటే వేద్దాం' అని మాత్రం అనుకోవద్దు. నేను ఆ పని చేశాను. ఓ షెడ్డులో 'రెండోది బాగానే ఉంది సార్' అంటే నమ్మి ఒకవైపే వేయించా. బండి ఒక పక్కకు వాలింది, ఆరునెలల్లో ముందు టైరు లోపలి అంచు గుండులా అరిగిపోయింది. మిగిల్చింది ఒక స్ప్రింగు డబ్బు, పోయింది రెండు టైర్ల డబ్బు. విరిగినదాన్ని వెల్డింగ్ చేయిస్తామన్నా, తుక్కు దుకాణం నుంచి తెస్తామన్నా ఒప్పుకోవద్దు. వెల్డింగ్ వేడికి స్ప్రింగు పదును పోతుంది.

ఇన్సూరెన్సు ఆశ వదిలేయండి. అరుగుదల, తరుగుదల పాలసీలో ఉండవు. విరిగిన ముక్క చేతికి తీసుకుని విరిగిన మొహం చూడండి. అంచున గోధుమరంగు తుప్పు పట్టి, మిగతా భాగం మెరుస్తుంటే పగులు ఎప్పుడో మొదలైందని అర్థం. ఇన్సూరెన్సు కంపెనీ పంపే సర్వేయరూ అదే చూస్తాడు. ఒకవేళ యాక్సిడెంట్ కింద వెళ్ళినా పదేళ్ళు దాటిన బండికి ఇనుప సామాను ధరలో సగమే లెక్కలోకి వస్తుంది, అందులో 1,000 మీరే పెట్టుకోవాలి, పైగా నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది.

లోను సంగతి చూద్దాం. 3,50,000కు 13 శాతం వడ్డీతో ఐదేళ్ళంటే కంతు నెలకు దాదాపు 7,960, వడ్డీయే 1,27,000 పైన. చీటీలో వదులుకునే 40,000 వేరే. మీ రిపేరు రెండు కంతులంత కూడా లేదు. కొనబోయే ఐదేళ్ళ బండి ఎవరి పొలం మూటలు మోసొచ్చిందో మీకూ నాకూ తెలియదు. చీటీని చివరి దాకా ఉంచుకోండి, 15,400 సేవింగ్స్ నుంచే తీయండి.

అసలు ఆలోచించాల్సింది 2027 ఆగస్టు గురించి. అప్పటికి ఆర్‌సీకి 15 ఏళ్ళు నిండుతాయి. ఐదేళ్ళకు రెన్యువల్ ఫీజు 5,000, గడువుకు 60 రోజుల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు. ఫిట్‌నెస్ కోసం టైర్లు, బ్రేకులు, లైట్లు చూపించాలి. ఆ ఖర్చుల కోసం ఈ నెల నుంచే పోస్టాఫీసులో నెలకు 1,500 ఆర్‌డీ మొదలుపెట్టండి. మూటలకు ఆటో మాట్లాడుకోండి.