అల్లిక గ్రూపు మొదటిసారి కలుస్తున్నాం, తలా ఒకటి వండుకొస్తే పని సాగుతుందా?

మీరు అడిగింది ఇదీ కదా: విజయనగరంలో క్రోషే (కొక్కెం ఉన్న ఒకే సూదితో చేసే అల్లిక), ఊలు అల్లికలు చేసే ఆడవాళ్లు పదిమంది దాకా వాట్సాప్‌లో పరిచయమయ్యారు, ఎవరో ఒకరింట్లో ఒక మధ్యాహ్నం కూర్చుందాం అనుకుంటున్నారు, అందరూ తలా ఒక వంటకం తెస్తామంటున్నారు, ఇలాగైతే పనేమైనా అవుతుందా లేక తిని కబుర్లు చెప్పుకుని ఇళ్లకి పోతామా అని. అవుతుందండీ. మాది విజయనగరం, శ్రీకాకుళం రెండు వైపుల వాళ్లున్న గ్రూపు, కొన్నేళ్లుగా నడుస్తోంది, అందుకే ధైర్యంగా చెప్తున్నా. కాకపోతే తిండి సంగతి ముందే తేల్చుకోండి, నేను చూసినంతలో జనం మానేసేది అల్లిక రాక కాదు, ఈ వంటల దగ్గరే.

ఎలాగంటే మొదటిసారి ఒకావిడ పులిహోర తెస్తుంది, తర్వాతసారి ఇంకొకావిడ పులిహోరతో పాటు బూరెలు కూడా తెస్తుంది, ఆ పైనెల ఎవరింట్లో కలుస్తామో ఆవిడ తెల్లారకుండానే లేచి పనసపొట్టు కూర దగ్గర్నుంచి పాయసం దాకా వండేస్తుంది, అది చూసి చంటిపిల్లల తల్లి, ఇంట్లో పెద్దవాళ్లకి ఒంట్లో బాగోని ఆవిడ, ఉద్యోగానికి పోయే అమ్మాయి ఒక్కొక్కరే ‘ఈసారికి నాకు కుదరదు వదినా’ అనడం మొదలెడతారు. అసలు కారణం ఎవరూ బయటికి చెప్పరు. మా దగ్గర పొందూరు నుంచి వచ్చే ఒక పెద్దావిడ ఉన్నారు, అందరం పిన్నిగారు అంటాం, ఆవిడే ఒకరోజు అనేశారు: ‘ఓలమ్మా, నాను అల్లికకి వస్తన్నానా పెళ్లికొస్తన్నానా, ఏటివి ఇన్ని గిన్నెలు!’ ఆరోజు నుంచి మాకు ఒకటే పద్ధతి. ఇంటావిడ టీ, మంచినీళ్లు తప్ప ఏమీ చెయ్యకూడదు. మిగతావాళ్లలో ముగ్గురే తేవాలి, ఒక్కొక్కరు ఒక్కటే, అదీ వంతులవారీగా, మిగిలినవాళ్లు ఉత్త చేతుల్తో రావాలి. మొహమాటానికి ఎవరైనా ఎక్కువ తెచ్చినా తిరిగి డబ్బాలో పెట్టించి ఇంటికి పంపేస్తాం, ఇది కొంచెం కఠినంగానే ఉంటుంది గానీ మానేసినవాళ్లు మళ్లీ వచ్చారు.

ఇక ఏం తేవాలి. పొడిగా ఉండి చేతికి జిడ్డు అంటనివి. మురీల (మరమరాల) మిక్చర్ అయితే ఉల్లిపాయ, నిమ్మకాయ విడిగా పెట్టుకోవాలి, నూనె కలపకుండా. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు బాగుంటాయి, పలాస వైపు వాళ్లుంటే వేయించిన జీడిపప్పు, నువ్వుల చిమ్మిలి చిన్న ఉండలు చేసి తెస్తే ఇంకేం కావాలి. పోకుండలు (బియ్యప్పిండి, బెల్లంతో చేసి నూనెలో వేయించే ఉండలు) నాకు ప్రాణం, కానీ అవి పని అయ్యాకే. పసుపు పడే వంటలు దారం దగ్గరికి రానివ్వకండి, తెల్ల కాటన్ మీద పులిహోర మరక పడితే సబ్బు పెట్టగానే ఎర్రగా మారిపోతుంది, దానికి కంగారు పడకండి, బాగా ఉతికి ఎండలో ఆరేస్తే తగ్గుతుంది, అయితే రంగు దారమైతే ఆ ఎండకి రంగు కూడా వెలిసిపోతుంది కాబట్టి ఆ పని తెల్లవాటికే. వేసవిలో ఉద్దానం నుంచి ఎవరైనా పనసతొనలు తెచ్చారంటే ఇంకా జాగ్రత్త. ఆ జిగురు చేతికి అంటుకుని దాంతో ఊలు పట్టుకుంటే పోగులు పోగులుగా లేచొస్తాయి, నీళ్లతో పోదు, చేతులకి కొబ్బరినూనె రాసి తుడిచి తర్వాత సబ్బుతో కడుక్కోవాలి.

ముందు పనా ముందు తిండా అంటే, ముందు పనే. రెండున్నరకి కూర్చుంటే నాలుగున్నర దాకా వెలుతురు బాగుంటుంది, ముదురు రంగులు, నలుపు, నేవీ బ్లూ అల్లేవాళ్లు కిటికీ వైపు కూర్చోవాలి, పెద్దవాళ్లకి ఆ చోటు వదలాలి. చలికాలమైతే డాబా మీద చాప వేసుకోండి, అంత హాయి ఇంకెక్కడా ఉండదు. ఆ తర్వాత అందరూ పని సంచుల్లో పెట్టేసి చేతులు కడుక్కుని తినడం. తింటూ అల్లడం మాత్రం వద్దు.

అయిపోయిన వస్తువులు చూపించడానికి కాకుండా సగంలో ఆగిపోయినవి తెమ్మని చెప్పండి, ఇది నా గట్టి అభిప్రాయం. పూర్తయిన స్వెటర్ చూస్తే ‘బాగుంది’ అని పక్కకి తిప్పుతాం అంతే. చంక దగ్గర కుట్లు తగ్గించలేక వదిలేసిన స్వెటర్ బయటికి తీస్తే నలుగురూ దాని మీద వాలతారు, ఒకరు లెక్కపెడతారు, ఒకరు విప్పుతారు, అక్కడే అసలు నేర్చుకోవడం అంతా జరుగుతుంది.

మాలో ఒక వదిన పుట్టిల్లు నరసాపురం దగ్గర పల్లె. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు పని అక్కడ ఇంటింటికీ పాకింది, నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక వస్తువు అని ప్రభుత్వం ఇచ్చేది) కూడా వచ్చింది. ఆవిడ చేతుల వైపు చూడకుండా మాట్లాడుతూనే సన్న దారంతో పువ్వు మీద పువ్వు అల్లేస్తుంది. చిన్నప్పుడు దళారీ దారం ఇచ్చి లేసు పట్టుకుపోయేవాడు, చేతికొచ్చేది ఏమంత ఉండేది కాదు అని చెప్తుంది, అందుకే ఇప్పుడు తన ఇష్టానికి, తన ఇంటి కోసం అల్లుకోవడం ఆవిడకి ఎంత ఇష్టమో ఎదురుగా కూర్చుంటే తెలుస్తుంది. పొందూరు పిన్నిగారు ఒకసారి వాలుగ చేప దవడ ఎముక తెచ్చారు. పొందూరు ఖద్దరు కోసం కొండపత్తిని దాని సన్నటి పళ్లతో దువ్వి శుభ్రం చేస్తారట, ఏకులు చేసి పాడవకుండా అరటి డొప్పలో దాస్తారట, ఆపైన రాట్నం మీద నూరు కౌంటు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం), అంతకన్నా సన్నం నూలు వడుకుతారు. ఆ నూలు మన క్రోషే సూదికి అందదు, విడిగా పట్టుకుంటే తెగిపోతుంది, కానీ అది వేళ్ల మధ్య పెట్టుకుని చూశాక మా అమ్మాయిలు యాక్రిలిక్ ఉండ పట్టుకునే తీరే మారిపోయింది. మీ గ్రూపులో కూడా ఇలాంటివాళ్లు తప్పకుండా ఉంటారు. అడగండి. అడగకపోతే ‘మా ఊరి పనిలో ఏముందమ్మా’ అని ఊరుకుంటారు.

సూదుల గురించి రెండు మాటలు చెప్పాలి, మొదటి రోజు అందరూ తికమకపడేది ఇక్కడే. అమ్మమ్మల నాటి ఊలు సూదులకి నంబరు పెరిగేకొద్దీ సన్నం, 8 నంబరంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25. అమెరికా నంబర్లు దానికి తిరగేసి ఉంటాయి, అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు. కాబట్టి నంబర్లు మానేసి మిల్లీమీటర్లలోనే మాట్లాడుకోండి. యూట్యూబ్ చూసి అల్లేవాళ్లు ఏ దేశం వీడియోనో కూడా చెప్పాలి, అమెరికా వాళ్ల సింగిల్ క్రోషే బ్రిటిష్ వాళ్ల దగ్గర డబుల్ క్రోషే, ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకే పేరుతో వేరే కుట్టు వేస్తూంటారు.

అందరూ కలిసి ఒకటి చెయ్యాలని ఉంటే చంటిపిల్లల దుప్పటి మంచిది. 6 అంగుళాల గ్రానీ స్క్వేర్లు (మధ్య నుంచి చుట్టూ అల్లుకుంటూ పోయే క్రోషే చతురస్రాలు) 30 ఉంటే చాలు, అడ్డానికి 5, నిలువుకి 6, అంటే 30 అంగుళాలకి 36. అందరికీ ఒకే దారం, ఒకే సూది ఇచ్చినా చతురస్రాలు సమానంగా రావు, ఒకరి చెయ్యి బిగువు, ఒకరిది వదులు. అందుకని ఎన్ని వరసలు అని చెప్పకండి, 6 అంగుళాల అట్టముక్క కోసి తలా ఒకటి ఇవ్వండి, దాని మీద పెట్టి చూసుకుంటూ అల్లుతారు. కాస్త చిన్నదైతే చివర ఒక వరస కలిపి సరిచేయొచ్చు. యాక్రిలిక్ అయితే వేడి ఇస్త్రీపెట్టె పెట్టొద్దు, సాగిపోయి మళ్లీ ఆ పొంకం రాదు, తడిపి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టడమే. పెద్ద పెద్ద కన్నాలున్న డిజైన్ కూడా వద్దు, పసిపిల్లల వేళ్లు ఇరుక్కుంటాయి. గుండీలు, పూసలు అసలే వద్దు. మేము చేసినవి సీతంపేట ఏజెన్సీ వైపు పంపించాం, అక్కడ చలి మనకన్నా చాలా ఎక్కువ, అల్లేటప్పుడు ఎవరికోసమో తెలిస్తే చెయ్యి తొందరగా ఆడుతుంది.

తేదీ పెట్టేటప్పుడు దసరా తర్వాతి మంగళవారం, పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర రోజు, దాని ముందు వెనక రోజులు వదిలేయండి, ఊళ్లోకి బస్సు దిగడమే కష్టం, పైగా అందరిళ్లలో చుట్టాలుంటారు. శ్రీకాకుళం వైపు వాళ్లుంటే స్టేషన్‌కి దగ్గరున్న ఇల్లు చూడండి, ఆమదాలవలసలో ఎక్కితే పొందూరు, చీపురుపల్లి మీదుగా వచ్చేస్తారు, చీకటి పడకుండా తిరుగు రైలు అందేలా టైము పెట్టుకోవాలి. మీ పదిమందిలో క్రోషే వాళ్లెందరు, రెండు సూదుల వాళ్లెందరు చెప్తే మొదటిరోజుకి ఎంత దారం తెప్పించాలో లెక్క వేసి చెప్తాను.