జాగీరు పోయి డెబ్బై ఏళ్లు దాటినా మా ఇంట్లో దర్బారు నడుస్తూనే ఉంది

ప్రశ్న: మా మామగారి తాతగారు నిజాం కొలువులో రాజా బహద్దూర్. చౌమహల్లా ప్యాలెస్‌లో దర్బారు విందుల ఏర్పాట్లన్నీ ఆయన చేతి మీదే జరిగేవట. ఇప్పుడు మాకు మిగిలింది పాతబస్తీలోని మా పాత భవంతి, దేవిడీలో రెండు గదులు, ఒక ఆస్తి దావా. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారు డిగ్రీ చదివినా ఏ ఉద్యోగంలోనూ ఆర్నెల్లు నిలవలేదు. ‘ఒకరి కింద చేయడం మా ఇంటావంటా లేదు’ అంటారు. వకీలు ఫీజుకని నా గొలుసు కుదువపెట్టారు, ఇప్పుడు గాజులు అడుగుతున్నారు. ఇంటర్ అయిన మా అమ్మాయి హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానంది. డెబ్బై ఎనిమిదేళ్ల మామగారు ‘మన ఇంటి పిల్ల ఊరందరికీ వడ్డిస్తుందా’ అని రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు. రోజూ సాయంత్రం ట్రంకుపెట్టెలోంచి తాతగారి దర్బారు తలపాగా దస్తార్, నడుము పట్టీ బగ్లూస్ తీసి తుడుచుకుంటూ కూర్చుంటారు. నేనేం చేయాలి?
– ఓ ఇల్లాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు గాజుల సంగతి. ఇవ్వకండి. పుట్టింటివారు పెట్టిన బంగారం స్త్రీధనం, దాని మీద హక్కు మీ ఒక్కరిదే. ఇవ్వనని చెప్పడానికి సంజాయిషీలు అక్కర్లేదు. గొలుసు విడిపించి తెచ్చే పూచీ కూడా మీవారిదేనని చెప్పండి. ఆ మాట ఆయన ఒక్కరే ఉన్నప్పుడు అనండి. మామగారి ముందు అంటే డబ్బు సంగతి కాస్తా పరువు తగాదా అయి కూర్చుంటుంది.

దావా గెలుస్తారా అని మీరు నన్ను అడగలేదు, నేను చెప్పగలిగిందీ కాదు. కానీ ఆ కాగితాలు మీరెప్పుడైనా చూశారా? ఈ కేసుతో సంబంధం లేని మరో వకీలుకు ఒకసారి చూపించండి. దావాలో ఉన్నది నిజాం ఇచ్చిన జాగీరు భూమా, పెద్దాయన సొంతంగా కొన్న ఆస్తా? హిస్సేదార్లు, అంటే వాటాదారులు, ఎంతమంది? అన్నీ కలిసొస్తే మీవారి వాటాకు వచ్చేదెంత? జాగీరు భూమి అయితే ఆశ పెట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. 1949 ఆగస్టు 15 నుంచి జాగీర్ల రద్దు అమల్లోకి వచ్చి ఊళ్లన్నీ సర్కారుకు పోయాయి, బదులుగా డబ్బు వాయిదాల్లో ఇచ్చారు. సొంత ఆస్తే అయినా ఓపిక కావాలి. అంతటి ‘పైగా’ వంశపు నవాబుల ఆస్తుల మీద 1958లో నంబరు పడిన దావాలే తరాలు మారినా నడిచాయి. ‘ఖర్చులన్నీ మావి, మీరు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద సంతకం పెట్టండి చాలు’ అంటూ వచ్చే పెద్దమనుషులుంటారు. మీవారికి సంతకం మోజు ఉంటే ఆ పెన్ను మీ దగ్గరే పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ‘ఒకరి కింద చేయడం మా ఇంట లేదు’ అనే మాట మీవారు నిజంగానే నమ్ముతున్నారు. పెంపకం అలాంటిది. కానీ ఆ ఇంటి కథ ఆయనకు సగమే తెలుసు. నిజాం కొలువులో ఎంతటి అమీరైనా దస్తార్ చుట్టి, నడుముకు బగ్లూస్ బిగించి గంటల తరబడి నిలబడాల్సిందే. రుమాలు మీద అష్రఫీ అనే బంగారు నాణెం పెట్టి, వంగి నజరుగా, అంటే కానుకగా, సమర్పించాల్సిందే. జాగీరు కూడా సొంతం కాదు, అమ్ముకునే హక్కు లేదు. జాగీర్దారు కన్నుమూస్తే అది సర్కారుకు తిరిగి వెళ్లేది. కొడుకు విరాసత్ (వారసత్వ) విచారణ చుట్టూ తిరిగి, నిజాం ఆజ్ఞ, అంటే ఫర్మానా వచ్చాకే మళ్లీ చేతికందేది. అంటే ఆ రాజా బహద్దూర్‌గారు బతికినన్నాళ్లూ ఒకరి కిందే చేశారు, బాగా చేశారు కాబట్టే బిరుదు వచ్చింది. ఆ బిరుదూ, జాగీరూ పోయాక మిగిలిన పిల్లలకు ఎదురుచూడటం ఒక్కటే వృత్తి అయింది. మీ మామగారు ఆ దర్బారును కళ్లారా చూసినవారు కాదు. వయసు లెక్క వేస్తే అది ముగిసేనాటికి ఆయన పాలుతాగే పిల్లాడు. ఆయన తుడుస్తున్నది విన్న కథనే.

జాగీరు మీద ఆధారపడిన బంధువులకు ఆ రోజుల్లో నెలనెలా గుజారా అని బతుకు భత్యం ఇచ్చేవారు. మీ జీతంలోంచి మీవారికి వెళ్తున్నదీ అదే, పేరు మారిందంతే. కోపంగా కాకుండా లెక్కగా చెప్పండి: వచ్చే నెల నుంచి ఇంటి ఖర్చు, అమ్మాయి ఫీజు, మామగారి మందులు నా జీతంలోంచి. మీ ఫోను, పెట్రోలు, వకీలు ఫీజు మీ సంపాదనలోంచి. ఈ మాట మీద మీరు నిలబడకపోతే మాత్రం అసలు ఎత్తకండి, సగంలో వదిలేస్తే ఇంకో ఇరవై ఏళ్లు గడుస్తాయి.

మామగారితో వాదించడం మీ పని కాదు, మనవరాలికి వదిలేయండి. పెట్టె తెరిచినప్పుడు పక్కన కూర్చుని ఆ పిల్లనే అడగమనండి: విందుకు ఎన్ని రకాలు చేసేవారు తాతయ్యా, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరు చెప్పేవారు, తేడా వస్తే మాట ఎవరికి పడేది? వందలమంది అతిథులకు వంట, వడ్డన, మర్యాద చూసుకున్న మనిషి చేసిన ఉద్యోగం ఏమిటో ఆయన నోటితోనే రానివ్వండి. ఆ ఇంట్లో రాజా బహద్దూర్‌గారి పని చేస్తానన్నది ఇంతమందిలో ఈ పిల్లే! నాకైతే ముచ్చటేసింది.

అన్నం మానేయడం గురించి కంగారు పడండి గానీ లొంగకండి. ఆ వయసులో, అందులోనూ షుగరు మాత్రలు వేసుకుంటుంటే ఖాళీ కడుపు ప్రమాదం, ఈ రోజే డాక్టరుకు చూపించండి. వేళకు కంచం పెట్టండి, మీవారిని దగ్గర కూర్చుని తినిపించమనండి. విద్యానగర్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది, ప్రవేశానికి జాతీయస్థాయి పరీక్ష రాయాలి. అమ్మాయిని తీసుకుని మీరే ఒకసారి వెళ్లి ఫీజులు, గడువు తేదీలు కనుక్కోండి. తాతగారి అలక తీరేదాకా దరఖాస్తు ఆపకండి.