పని–పరికరం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇంటర్ అయ్యాక నెల్లూరులో టైల్స్ మేస్త్రీ దగ్గర ఎనిమిది నెలలుగా పనికి పోతున్నానండీ. మాలు కలపడం, పెట్టెలు మోయడమే గానీ తాపీ చేతికివ్వడు. ఇది మానేసి ఏదైనా సెంటర్లో సర్టిఫికెట్ కోర్సు చేస్తే మేలా? – ఒక పాఠకుడు, కోవూరు

జవాబు: మానకండి. రూపాయి పనిలో టైలు అతికించడం పావలా. మిగతా ముప్పావలా మట్టం, మూల, లెక్క. ఆ మూడూ తాపీ లేకుండానే నేర్చుకోవచ్చు.

ముందు మూల. గదికి ఎదురెదురు మూలల కొలతలు రెండూ సమానంగా వస్తున్నాయా చూడండి. రాకపోతే గది వంకర. అప్పుడు గోడల్ని నమ్మకుండా 3–4–5 లెక్కతో నేలమీద దారం కొట్టుకోవాలి. ఒకవైపు 3 అడుగులు, రెండోవైపు 4, అడ్డంగా 5 వస్తే అది నిఖార్సైన మూల. పెద్ద గదికి 6–8–10 తీసుకోండి.

తరవాత లెక్క. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. మనం ‘రెండడుగుల టైలు’ అంటాం గానీ అది 600 మి.మీ.; అసలు రెండడుగులంటే దాదాపు 610. పదడుగుల గది 3048 మి.మీ. రెండు గోడల దగ్గరా 6 మి.మీ. సందు వదిలితే 3036. ఐదు టైల్సు, మధ్యలో 2 మి.మీ. స్పేసర్లు (సందు సమానంగా ఉండటానికి పెట్టే ప్లాస్టిక్ ముక్కలు) నాలుగు, మొత్తం 3008 పోగా చివర 28 మి.మీ. చోటే మిగులుతుంది. అంత సన్నపు ముక్క కోస్తుంటేనే విరుగుతుంది, అతికించినా చూడ్డానికి బాగోదు. అందుకే నాలుగు నిండు టైల్సు మధ్యకు తెచ్చి, రెండు చివర్లా 313 మి.మీ. ముక్కలు వేస్తారు. మీ మేస్త్రీ పొద్దున్నే మాలు లేకుండా టైల్సు పరిచి చూసుకుంటాడే, ఆ సమయంలో పక్కనే ఉండండి.

విట్రిఫైడ్ టైలు నీరు పీల్చేది అర శాతం లోపే. ఉత్త సిమెంటు పాలు దానికి పట్టవు, అడెసివ్ (టైల్సు అతికించే జిగురు పొడి) కావాలి. నీళ్లలో పొడి పోయాలి, పొడిలో నీళ్లు కాదు. ఎన్ని నీళ్లో బస్తామీదే ఉంటుంది. కలిపి ఐదు నిమిషాలు ఆగి మళ్లీ కలపండి. గట్టిపడ్డాక నీళ్లు చల్లి వాడితే పట్టు పోతుంది. పళ్ల తాపీతో గీతలన్నీ ఒకే దిక్కుకు లాగి, టైలు నొక్కాక ఒకటి ఎత్తి వెనక చూడండి: నిండా అంటుకుందా? నాలుగు మూలలా, నడిమధ్యా ముద్దలు పెట్టి ఆనించే పద్ధతి మాత్రం నేర్చుకోవద్దు. కింద డొల్ల ఉంటే బీరువా కాలు పడ్డచోట టైలు పగులుతుంది.

బాత్రూం వాటం (నీళ్లు జారే వాలు) 1:80. గోడ నుంచి జాలీ దాకా ఐదడుగులుంటే ముప్పావు అంగుళం దిగాలి. పెద్ద టైలు రెండువైపులా వాలదు కాబట్టి అక్కడ అడుగు టైలే సుఖం.

ఇక కాగితాల సంగతి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన, చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో తాపీపని ఉంది. 5–7 రోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 ఆ పథకంలో భాగం. భవన కార్మికుడిగా కార్డుకు 18 ఏళ్లు నిండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉండాలి. ఆ రోజుల లెక్క ఇప్పటినుంచే రాసిపెట్టుకోండి.

ప్రశ్న: టైల్సు వేయించి రెండేళ్లు. మొన్న ఎండలకు హాల్లో నాలుగు టైల్సు టప్పుమని గుడారంలా పైకి లేచాయి. కారణం? – ఒక గృహిణి, ఒంగోలు

జవాబు: స్కర్టింగ్ (గోడ అడుగున అతికించే టైలు పట్టీ) ఒకటి ఊడదీసి చూడండమ్మా. టైలు గోడను తన్నుకుని ఉంటే అదే కారణం. వేడికి సాగిన టైలుకు చోటు లేక పైకి లేచింది. గోడ పొడవునా 6 మి.మీ. సందు కోయించి, దాన్ని సందులు పూడ్చే గ్రౌట్‌తో నింపకుండా స్కర్టింగ్‌తో కప్పించండి. లేచినచోట పాత మాలు చెక్కించాకే అడెసివ్ పెట్టించాలి. చుట్టుపక్కల టైల్సు కూడా నాణెంతో తట్టి చూసి, డొల్ల పలికినవన్నీ అప్పుడే తీయించండి.