పాఠకుల ప్రశ్నలు: జర్మనీలోని సిన్స్‌హైమ్ మ్యూజియం పైకప్పు మీద రెండు విమానాలు

ప్రశ్న: సిన్స్‌హైమ్, స్పేయర్ టెక్నిక్ మ్యూజియాలు రెండూ ఒకే ఆదివారం చూసి రావచ్చా?
– ఎం.ఎస్. విద్యార్థి, హైడెల్‌బర్గ్

జవాబు: వెళ్లి రావచ్చు గానీ చూసినట్టు ఉండదు. మ్యాపులో రెండు ఊళ్లూ దగ్గరగానే కనబడతాయి. రైల్లో మాత్రం సిన్స్‌హైమ్ నుంచి మళ్లీ హైడెల్‌బర్గ్ వచ్చి, మాన్‌హైమ్ మీదుగా చుట్టుకొని స్పేయర్ చేరాలి. రాకపోకలకే దాదాపు మూడు గంటలు పోతాయి. ఒక్కో మ్యూజియానికి కనీసం ఐదు గంటలు పెట్టుకోవాలి. మొదటిసారికి మా ఓటు సిన్స్‌హైమ్‌కే. ధ్వని కంటే వేగంగా ఎగిరిన ప్రయాణికుల విమానాలు కాంకోర్డ్ (ఆంగ్లో-ఫ్రెంచ్), టుపోలెవ్-144 (సోవియట్) రెండూ పక్కపక్కన ఉన్నది ప్రపంచంలో అక్కడొక్కచోటే.

హైడెల్‌బర్గ్ నుంచి ఎస్5 లోకల్ రైలు ఎక్కి ‘సిన్స్‌హైమ్ మ్యూజియం/అరేనా’ స్టేషన్‌లో దిగాలి. దానికి ముందే సిన్స్‌హైమ్ ప్రధాన స్టేషన్ వస్తుంది. ఊరి పేరు కనబడగానే దిగిపోతే అక్కడి నుంచి నడవాల్సిందే. స్టేషన్ పేరులోని అరేనా హోఫెన్‌హైమ్ ఫుట్‌బాల్ జట్టు సొంత మైదానం. జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ బుండెస్‌లీగా మ్యాచ్‌లు చాలావరకు శనివారం మధ్యాహ్నం మూడున్నరకు మొదలవుతాయి. ఆ రోజు ఆటకు ముందూ తర్వాతా రైల్లో నిలబడడానికి కూడా చోటుండదు. మీరు ఎంచుకున్న రోజు అక్కడ ఆట ఉందేమో ముందే చూసుకోండి.

మ్యూజియం ఏడాదిలో 365 రోజులూ తెరిచే ఉంటుంది. ఆదివారం జర్మనీలో సూపర్‌మార్కెట్లు మూసేస్తారు కాబట్టి తినడానికి కావలసినవి శనివారమే కొనుక్కోండి. శాకాహారులైతే పులిహోర డబ్బా వెంట తీసుకెళ్లడం అన్నిటికంటే నయం.

ప్రశ్న: ఏ రైలు టికెట్ చవక? మేం నలుగురం వెళ్తున్నాం.
– విద్యార్థిని, స్టుట్‌గార్ట్

జవాబు: నలుగురికీ దేశమంతటా లోకల్ రైళ్లలో చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ (2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు) ఉంటే ఇంకేమీ కొనక్కర్లేదు. దూరప్రాంతాల ఐసీఈ, ఐసీ ఎక్స్‌ప్రెస్ రైళ్లలో మాత్రం అది చెల్లదు. పొరపాటున ఎక్కి దొరికిపోతే జరిమానా తప్పదు. ఈ ఒక్క ప్రయాణం కోసం ఆ టికెట్ తీసుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. అది నెలనెలా దానంతటదే కొనసాగే చందా. ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా కోసుకుంటారు.

ఆ టికెట్ లేనివాళ్లకు ఆ రాష్ట్రంలోని లోకల్ రైళ్లలో ఒక రోజు చెల్లే బాడెన్-వ్యుర్టెంబెర్గ్ టికెట్ మేలు. ఒక్క టికెట్‌పై ఐదుగురి దాకా వెళ్లవచ్చు. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం తొమ్మిదికి గానీ మొదలుకాదు. శని, ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది. ప్రయాణికుల పేర్లు టికెట్ మీద రాయాలి. ఖాళీగా వదిలేస్తే టికెట్ ఉన్నా లేనట్టే.

ప్రశ్న: కాంకోర్డ్, టుపోలెవ్ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. తేడా ఎక్కడ?
– మెకానికల్ విద్యార్థి, కార్ల్స్‌రూహె

జవాబు: మెట్లెక్కే ముందు కింద నిలబడి పది నిమిషాలు చూడండి. ఎక్కువ మంది నేరుగా లోపలికి వెళ్లిపోయి, అసలు చూడాల్సింది చూడకుండానే వచ్చేస్తారు.

టుపోలెవ్‌కు కాక్‌పిట్ వెనక పిల్లి మీసాల్లా రెండు చిన్న రెక్కలుంటాయి. కాంకోర్డ్‌కు అవి లేవు. ఈ రెండింటికీ వెనక అడ్డంగా ఉండే తోకరెక్క లేదు. అలాంటి విమానంలో దిగేటప్పుడు లిఫ్ట్ (విమానాన్ని పైకెత్తే బలం) పెంచుదామని రెక్క వెనక అంచును కిందికి వంచితే ముక్కు కిందికి వాలుతుంది. ఆ ముక్కును ఎత్తి పట్టడమే మీసాల పని. పైకెక్కి వేగం అందుకున్నాక వాటిని మడిచేసేవారు. కాంకోర్డ్ కట్టిన ఆంగ్లో-ఫ్రెంచ్ ఇంజినీర్లు ఆ పనిని రెక్క ఆకారంతోనే సాధించారు. అందుకే కాంకోర్డ్ రెక్క అంచు ఎక్కడా విరుపు లేకుండా మెలికలు తిరిగి ఉంటుంది. ముక్కు బాగా పైకెత్తి దిగితే ఆ రెక్క మీద సుడులు పుట్టి లిఫ్ట్ ఇస్తాయి. అంత ఎత్తితే పైలట్‌కు రన్‌వే కనబడదు. అందుకని ముక్కునే 12.5 డిగ్రీలు కిందికి వంచేలా కట్టారు. టుపోలెవ్ ముక్కూ వంగుతుంది గానీ, దాని రెక్క అంచు మాత్రం మధ్యలో కోణంగా విరుగుతుంది.

ఇంజిన్ల కథ వేరు. కాంకోర్డ్ మాక్ 1.7 (ధ్వని వేగానికి 1.7 రెట్లు) దాటాక ఆఫ్టర్‌బర్నర్లు (ఇంజిన్ వెనక అదనంగా ఇంధనం మండించి బలం పెంచేవి) ఆపేసి మాక్ 2 దగ్గర ప్రయాణించేది. ప్రయాణికులతో తిరిగిన టుపోలెవ్ రకానికి వాటిని ఆపితే ఆ వేగం నిలిచేది కాదు. ఇంధనం విపరీతంగా తాగేది, క్యాబిన్‌లో మోత భరించరానిది. మాస్కో–అల్మా అటా మధ్య ప్రయాణికుల సర్వీసు 1977 నవంబరులో మొదలై 1978 జూన్‌లోనే ఆగిపోయింది. సిన్స్‌హైమ్‌లో ఉన్నది ఇంజిన్లు మార్చిన తర్వాతి ‘డి’ రకం. కాంకోర్డ్ అయితే ఎయిర్ ఫ్రాన్స్‌ది, 2003లో ఇక్కడికి చేరింది.

కాంకోర్డ్ లోపల కిటికీలు అరచేయంతే ఉంటాయి. దాదాపు 18 కిలోమీటర్ల ఎత్తులో అద్దం పగిలినా గాలి ఒక్కసారిగా పోకుండా అంత చిన్నవి పెట్టారు.

ప్రశ్న: వేసవిలో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. మా వారికి మోకాళ్ల నొప్పులు. ఈ మ్యూజియం చూడగలరా?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: నిక్షేపంగా చూడవచ్చునమ్మా, కప్పు మీది విమానాల్లోకి మాత్రం ఎక్కించవద్దు. పైకి మెట్లు మాత్రమే ఉన్నాయి. ఎక్కాక కూడా, ఎగురుతున్నట్టు ముక్కు పైకెత్తి నిలబెట్టినందున లోపలి నడవా ఏటవాలుగా ఉంటుంది. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకు కష్టం. ఎక్కే మీరు కూడా చెప్పులు కాక, అడుగు జారని బూట్లు వేసుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం లోపల ఉక్కపోస్తుంది కాబట్టి ఆ పని ఉదయమే ముగించుకోండి.

కింది హాళ్లలో మీ వారికి కావలసినంత ఉంది. ఆవిరి రైలింజన్లు, పాత కార్లు, ట్రాక్టర్లు తీరిగ్గా చూడవచ్చు. 1970 అక్టోబరు 23న గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటిన బ్లూ ఫ్లేమ్ రాకెట్ కారు ఇక్కడిదే. విమానం ఇంజిన్ బిగించిన బ్రూటస్ కారును కూడా తప్పక చూపించండి. దాని ఇంజిన్ సామర్థ్యం దాదాపు 47 లీటర్లు. మన రోడ్ల మీది చిన్న కార్లలో ఒక లీటరే ఉంటుంది.

ప్రశ్న: స్పేయర్‌లో ఉన్న బురాన్ అంతరిక్షానికి వెళ్లి వచ్చిందేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కాదు. 1988 నవంబరు 15న మనుషులు లేకుండా భూమిని చుట్టి వచ్చిన సోవియట్ అంతరిక్ష షటిల్ బురాన్ 2002లో బైకనూర్ అంతరిక్ష కేంద్రంలో హ్యాంగర్ కప్పు కూలి నాశనమైంది. స్పేయర్‌లో ఉన్నది గాలిలో పరీక్షల కోసం కట్టిన ఓకే-జీఎల్ఐ. వెనక భాగంలో నాలుగు జెట్ ఇంజిన్లు చూస్తే తెలిసిపోతుంది. వాటి బలంతో అది రన్‌వే మీంచి తనంతట తానే లేచేది. కక్ష్యకు వెళ్లిన దానికి అవి లేవు. దిగేటప్పుడు గ్లైడర్‌లా తేలుతూ వచ్చింది.