డాక్టర్ కాకుండా మత్తు మందుల మీద పరిశోధన చేస్తూ బతకవచ్చా?

కావలిలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నానని, ఎంబీబీఎస్ లేకుండా ఈ దారిలోకి రావచ్చా అని అడిగారు. రావచ్చు. నేనూ బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాణ్ణే. పదమూడేళ్లుగా నా పనంతా నరాల్లోని సోడియం చానెళ్లు, వాటిని మూసే మందుల మీదే.

నన్ను ఇటు తిప్పింది మా నాయన ఆపరేషన్. మాది ఉదయగిరి వైపు మెట్ట పల్లె. నాయనకు హెర్నియా వస్తే నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చేర్చాం. నడుముకు సూది వేసి అరగంటైనా కాళ్లు కదులుతూనే ఉన్నాయి. మత్తు డాక్టరుగారు "ఎప్పుడైనా తేలు కుట్టిందా?" అని అడిగారట. "ఎప్పుడైనా ఏంది సామీ, రాళ్లు ఎత్తి గట్లు పేర్చేవాళ్లం, ఎన్నిసార్లని చెప్పేది" అన్నాడట నాయన. చివరికి పూర్తి మత్తు ఇచ్చి చేశారు. తేలుకూ మత్తుకూ ఏం సంబంధమో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

సంబంధం సోడియం చానెల్. నరం పొరలో సోడియం అయాన్లు లోపలికి వచ్చే దారి అది. తెరుచుకుని, ఒకటి రెండు మిల్లీసెకన్లలో మూసుకుపోతుంది. నొప్పి కబురు నడిచేది అలాగే. ఎర్ర తేలు విషం ఆ దారిని సరిగా మూసుకోనివ్వదు. నొప్పి తెలియకుండా సూదిగా ఇచ్చే లిగ్నోకైన్, బుపివకైన్ లాంటి మందులు అదే దారికి అడ్డం పడతాయి. అదీ బయటి నుంచి కాదు. మందు అణువు విద్యుదావేశం లేని రూపంలో పొర దాటి కణంలోకి వెళ్తుంది, అక్కడ ఆవేశం తెచ్చుకుని లోపలి వైపు నుంచి దారిలో ఇరుక్కుంటుంది. చీము పట్టిన పంటికి ఇచ్చిన సూది సరిగా పట్టకపోవడానికి ఒక కారణం ఇదే. అక్కడ ఆమ్లత్వం ఎక్కువ కాబట్టి మందులో ఎక్కువ భాగం బయటే ఆవేశం తెచ్చుకుని ఆగిపోతుంది.

తేలు కుట్టినవాళ్లకు సూది మందు సరిగా పట్టలేదని మన దేశపు మత్తు డాక్టర్లు కొన్ని కేసులు ప్రచురించారు. కానీ సూది సరైన చోట పడకపోయినా ఇలాగే అవుతుంది కాబట్టి నాయన కేసును నేనెక్కడా రుజువుగా చెప్పను. ఆపరేషన్‌కు ముందు తేలు కుట్టిన సంగతి డాక్టరుకు చెప్పడం మాత్రం మంచిది.

ఇక రోజువారీ పని. కొన మైక్రాన్ వెడల్పుండే గాజు గొట్టాన్ని ఒక్క కణానికి ఆనించి, గాలి పీల్చి, అతుక్కునేలా చేసి, చానెల్ గుండా పారే కరెంటు కొలుస్తాం. ప్యాచ్ క్లాంప్ అంటారు. మొదటి ఏడాది నాకు పది కణాల్లో ఒకటి అతుక్కుంటే గొప్ప. సాయంత్రానికి ఒక్క రికార్డింగ్ కూడా లేకుండా హాస్టల్‌కు నడిచిన రోజులు చాలా ఉన్నాయి. ఆ టెన్షన్ తట్టుకునే ఓపిక ఉందా అని ముందే చూసుకోండి, మార్కులకన్నా అదే ముఖ్యం. 1976లో ఈ పద్ధతి తెచ్చిన నేహర్, జాక్మన్‌లలో ఒకరు ఫిజిక్స్ చదివినవారు, ఇంకొకరు డాక్టర్. ఇద్దరికీ కలిపి 1991లో నోబెల్ ఇచ్చారు.

పూర్తి మత్తు కథ ఇంకా ఆసక్తికరం. మత్తు మందులు కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో కరిగి పనిచేస్తాయని దాదాపు ఎనభై ఏళ్లు నమ్మారు. 1984లో లండన్‌లో ఫ్రాంక్స్, లీబ్ కొవ్వు ఏమాత్రం లేని మిణుగురు పురుగు ప్రొటీన్‌ను కూడా ఆ మందులు అడ్డుకుంటాయని చూపించారు. ఆ తర్వాత చూపంతా ప్రొటీన్ల మీదికి, చానెళ్ల మీదికి మళ్లింది.

డబ్బు గురించీ అడిగారు. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. పీహెచ్‌డీ కాలమంతా ఇంటికి కొంచెం పంపగలిగాను.

ఇప్పుడు మీరు చేయగలిగిన పని ఒకటుంది. సైన్స్ అకాడమీలు డిగ్రీ విద్యార్థులకు వేసవిలో రెండు నెలల రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి. ఈసారి నోటిఫికేషన్ రాగానే అప్లై చేయండి. నేను ప్యాచ్ క్లాంప్‌ను మొదటిసారి చూసింది ఆ రెండు నెలల్లోనే, బెంగళూరులో.